జున్నూ, పల్లేరుకాయలూ

మొన్న శనివారం పొద్దున్న వాషింగ్ మెషీన్‌లోంచి బట్టలు తీసి బాల్కనీలో ఆరేస్తున్నాను. మా అమ్మాయి స్కూలు మేజోడు తిరగేసి దులుపుతుంటే చూపుడువేలికి చురుక్కుమని ఏదో గుచ్చుకుంది. చూస్తే పల్లేరుకాయ. సబ్బునీళ్ళలో అంతసేపు గిరగిరా తిరిగొచ్చినా దాని ముళ్ళలో ఒక్కదాని కొనైనా అరగలేదు. ఆ వారంలోనే స్కూలువాళ్ళు పిల్లల్ని ఎడారి చూపించడానికి తీసుకెళ్ళారు, అక్కడి నుంచి మేజోడు పట్టుకుని వచ్చేసిందన్నమాట. ఖతార్‌లోనే పుట్టి, దోహాలో అల్ తుమామాలోని ఈ అపార్ట్‌మెంటులోనే పెరుగుతున్న మా అమ్మాయి దాన్ని అరచేతిలో వేసుకుని, చెయ్యి బారుగా చాపి, "అమ్మా, ఇది పురుగా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వేలి కొసన ఉబికిన రక్తపు చుక్కని నోట్లో పెట్టుకున్నాను. అంతే, ఎక్కడి నుంచో గుప్పుమని కొబ్బరినూనె వాసన వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ తలకి నూనె రాసుకోలేదు. ఆ వాసన మెసయీద్‌లోని మా పాత ఇంటి పెరటి మెట్ల మీద నుంచి వచ్చింది.

నా చిన్నతనమంతా ఇదే ఖతార్‌లో, దోహాకి దక్షిణాన ఉన్న మెసయీద్‌లోనే గడిచింది. నాన్న అక్కడ ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కంపెనీ ఇచ్చిన ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, ఒకే లేత పసుపు రంగులో, వరసలు వరసలుగా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు డ్యూటీ దిగి, నంబరు చూసుకోకుండా పక్కింట్లోకి నడిచివెళ్ళి, సోఫాలో కూలబడి మంచినీళ్ళు అడిగిన కథలు ప్రతి వీధికీ ఉండేవి. గాలి ఫ్యాక్టరీ వైపు నుంచి తిరిగిన రోజున అమోనియా ఘాటు ముక్కుల్ని మండించేది. అప్పుడు మా అమ్మ కిటికీలన్నీ మూసేసి సాంబ్రాణి వేసేది, రెండు వాసనలూ కలిసి వాటికంటే భరించలేని మూడో వాసన ఒకటి పుట్టేది, ఆ మూడోదాన్ని పోగొట్టడానికి నాన్న మళ్ళీ కిటికీలన్నీ తెరిచేవాడు. వీధి పొడవునా వేపచెట్లు ఉండేవి. మాది ఆఖరి వరస. పెరటి గోడకున్న ఇనపగేటు తీసుకుని అవతలికి అడుగు పెడితే ఇక ఇళ్ళు లేవు. గులకరాళ్ళ నేల, అక్కడక్కడా తుప్పలు, ఆ తర్వాత దూరంగా ఎండకి వెన్నముద్దల్లా మెరిసే ఇసుక దిబ్బలు.

ఆ నేలకి ఏడాదిలో ఎక్కువ కాలం ప్రాణం ఉందనిపించేది కాదు. వేసవిలో దానికేసి చూస్తేనే కళ్ళు మండేవి, మేము ఇంట్లో ఏసీ కింద చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుకుంటూ, అమ్మ డాబా మీద పొద్దున్న పెట్టిన వడియాలు మధ్యాహ్నానికే గలగలమని ఎండిపోతే వాటిని పచ్చివే దొంగతనంగా నమిలేవాళ్ళం. చలికాలం వచ్చి, ఏ ఒకటో రెండో వానలు పడితే మాత్రం అదే నేల మా కళ్ళముందే మారిపోయేది. ముందు పచ్చని పొగ కమ్మినట్టు ఉండేది, దగ్గరికి వెళ్ళి చూస్తే అవి గోరంత మొలకలు. ఆ తర్వాత పసుపు పువ్వులు, ఊదా పువ్వులు, పేర్లు తెలియని గడ్డి. సెలవు రోజుల్లో వీధిలోని కుటుంబాలన్నీ దుప్పట్లూ పులిహోర డబ్బాలూ మోసుకుని అక్కడికే వెళ్ళేవి. మార్చి దాటగానే ఆ పువ్వులన్నీ కాయలయ్యేవి, ఆ కాయలన్నిటికీ ముళ్ళుండేవి, ఆ ముళ్ళన్నీ ఎవరినో ఒకరిని పట్టుకుని ఊరు దాటాలని చూసేవి. వాటికి దొరికిన వాహనం మా జున్ను.

జున్ను ఎవరి కుక్కో మాకు తెలియదు. ఒక చలికాలం సాయంత్రం, నాన్న పెరటి మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే, తెరిచి ఉన్న గేటులోంచి లోపలికి వచ్చి, ఆయన పాదాల దగ్గర పడుకుని, పెద్ద నిట్టూర్పు విడిచింది. సన్నటి ముఖం, పొడుగాటి కాళ్ళు, అరబ్బులు వేటకి పెంచుకునే జాతి కుక్కల పోలిక ఉంది కానీ పూర్తిగా ఆ జాతి కాదు. చెవులకీ తోకకీ మాత్రం పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు వేలాడేవి. రంగు చూసి నేను జున్ను అని పేరు పెట్టాను. అమ్మ ముఖం చూసి నాన్న, "ఒక్క రాత్రికే" అన్నాడు. ఆ మాట ఆయన వారం రోజులు రోజూ అన్నాడు. ఆ తర్వాత అనడం మానేశాడు, అమ్మ కూడా అడగడం మానేసింది కానీ రెండు షరతులు పెట్టింది. కుక్క గడప దాటి లోపలికి రాకూడదు, దాని ఒంటి మీది ముల్లు ఒక్కటి కూడా ఇంట్లో కనపడకూడదు.

రెండో షరతు వల్లే మా సాయంత్రాలకి ఒక పని ఏర్పడింది. నాన్న డ్యూటీ నుంచి రాగానే నేనూ ఆయనా జున్నుని తీసుకుని దిబ్బల వైపు నడిచేవాళ్ళం. వెళ్ళేటప్పుడు మీగడ రంగులో వెళ్ళిన కుక్క, వచ్చేటప్పుడు ముళ్ళపందిలా వచ్చేది. మెట్ల మీద పాత చాప పరిచి దాన్ని పడుకోబెట్టి, పక్కన ఒక సత్తు పళ్ళెం పెట్టుకుని, తలో పక్కా కూర్చునేవాళ్ళం. కాళ్ళ వేళ్ళ మధ్య దూరేవి పల్లేరుకాయలు. బొత్తాంలా బల్లపరుపుగా ఉండి ఒకవైపే ముళ్ళుండేది ఇంకొకటి, దానికి నేను 'బిళ్ళముల్లు' అని పేరు పెట్టాను, అది పాదానికి అంటుకుంటే జున్ను మూడు కాళ్ళ మీద కుంటుతూ వచ్చి ఆ కాలు నాన్న చేతిలో పెట్టేది. చిన్న చుట్టలా మెలి తిరిగి ఒళ్ళంతా కొక్కేలున్న 'పురుగుకాయ' తోకలోకి ఎక్కిందంటే చుట్టూ ఉన్న వెంట్రుకల్ని పోగేసుకుని ఉండ కట్టేసేది. లాగితే జున్ను మూలిగేది. అప్పుడు కొబ్బరినూనె. ఉండ మీద నాలుగు చుక్కలు వేసి, వేళ్ళతో మెల్లగా నలుపుతూ, వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా విడదీస్తే కాయ జారి కిందికి వచ్చేది. పళ్ళెంలో అది టక్కుమని పడితే, అదేదో ఫ్యాక్టరీలో పెద్ద యంత్రం బాగుచేసినంత తృప్తిగా నాన్న తల ఊపేవాడు.

అమ్మ కొబ్బరినూనె సీసా రోజురోజుకీ తగ్గిపోతుండటం ఆమె గమనించింది కానీ, నా జడలు పట్టుకుని చూసి నేనే ఎక్కువ రాసుకుంటున్నానని అనుకుంది. అసలు సంగతి ఒక శుక్రవారం బయటపడింది. స్కూలు బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి నుంచి నాకు పేలు వచ్చాయేమోనని అనుమానం వచ్చి, అమ్మ పేలదువ్వెన కోసం అల్మారా అంతా గాలించింది. ఆ దువ్వెన ఆమె పిఠాపురం నుంచి తెచ్చుకున్నది, రెండు వైపులా సన్నటి పళ్ళున్న చెక్కదువ్వెన. అల్మారాలో లేదు, బాత్రూములో లేదు. చివరికి పెరట్లోకి వచ్చి చూస్తే, నాన్న లుంగీ ఎగ్గట్టుకుని, రేడియోలో పాటకి తల ఆడిస్తూ, ఆ దువ్వెనతోనే జున్ను చెవి వెంట్రుకలు దువ్వుతున్నాడు.

"ఏవండీ! అది నా దువ్వెనండీ!"

"పళ్ళు సన్నంగా ఉన్నాయే, చిన్న ముళ్ళు కూడా వచ్చేస్తున్నాయి," అన్నాడు నాన్న, ఆమెని మెచ్చుకుంటున్నట్టు.

అమ్మ కాసేపు ఆయన్నీ కుక్కనీ మార్చి మార్చి చూసింది. "ఇదేం ఖర్మండీ బాబూ! కూతురి నెత్తిలో పెట్టే దువ్వెన కుక్క చెవిలోనా!" అని గొంతు పెంచింది. పక్కింటి గోడ మీదుగా ఒక నవ్వు వినిపించింది.

ఆ నవ్వు ఖలీదా ఆంటీది. ఆంటీ వాళ్ళది బోధన్. అంకుల్ రసూల్ గారు నాన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే ఆపరేటరు. ఆంటీ ఇంట్లో పిల్లలతో దక్కనీ మాట్లాడేది, మాతో తెలుగు, బజారులో అరబ్బీ. మూడూ ఒకే వాక్యంలో కలిపి కోప్పడటం మాత్రం రసూల్ అంకుల్‌కే ప్రత్యేకం. కుక్క తడి తగిలితే మళ్ళీ కడుక్కునేదాకా నమాజుకి నిలబడటానికి లేదని ఆవిడ నియమం. అందుకని జున్నుకి దూరంగా ఉండేదా అంటే అదీ లేదు. వాళ్ళ పెరట్లో తీగ మీద ఒక పాత ఆకుపచ్చ చున్నీ ఎప్పుడూ వేలాడుతుండేది. దాన్ని ఒళ్ళో పరుచుకుని, చేతులకి గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని, గేటు దగ్గర పీట మీద కూర్చుని, "దా రా జానీ, దా!" అని పిలిచేది. జున్ను అన్న పేరు ఆవిడ నోట్లో మొదటి రోజు నుంచీ జానీయే. జానీ వెళ్ళి ఆ చున్నీ మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకునేది, ఆవిడ ముళ్ళు ఏరుతూ వాళ్ళ బోధన్ చెరకు తోటల గురించీ, ఫోన్ చేసిన ప్రతిసారీ "దుబాయ్‌ల ఎండలు ఎట్లున్నయే?" అని అడిగే వాళ్ళ చిన్నమ్మ గురించీ చెప్పేది. ఇది దుబాయ్ కాదని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఆ చిన్నమ్మకి అరేబియా అంతా దుబాయే.

అలా మా పెరటి మెట్లు నాకు ఒక బడి అయ్యాయి. చేతులు పనిలో ఉండి, కళ్ళు కుక్క బొచ్చు మీద ఉంటే, పెద్దవాళ్ళు పిల్లల ముందు మామూలుగా చెప్పని మాటలు కూడా చెప్పేస్తారు. నాన్నకి చిన్నప్పుడు నాటకాల్లో ఆడవేషం వేసేవారని, ఆయన పద్యం అందుకుంటే ఊళ్ళో ఆడవాళ్ళే కొంగుతో కళ్ళు తుడుచుకునేవారని నాకు అక్కడే తెలిసింది. రంజాన్ నెల మధ్యలో ఈ ఊరి పిల్లలు సంచీలు మెడకి తగిలించుకుని ఇంటింటికీ వెళ్ళి గింజలూ మిఠాయిలూ పోగేసుకునే గరంగావో రోజున, మేము తెచ్చుకున్న బాదంపప్పులు పంచుకున్నది ఆ మెట్ల మీదే. ఈద్ నాడు ఆంటీ పంపిన షీర్ ఖుర్మా తాగి, గిన్నె అడుగున చిక్కగా మిగిలిన సేమ్యాని వేలితో నాకింది కూడా అక్కడే. అమ్మ మాత్రం వంటింటి కిటికీలోంచి మాట కలిపేది కానీ మెట్లు దిగేది కాదు. ముల్లు ముట్టేది కాదు, కుక్కని అసలే ముట్టేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడాది వానలు ఎప్పుడూ లేనంతగా పడ్డాయి. దిబ్బల దాకా నేలంతా పచ్చగా కప్పేసి, ఉగాది నాటికి ఎక్కడికక్కడ ఎండి కాయలు కట్టి, అడుగేస్తే కరకరలాడేది. ఆ ఉగాదికి అమ్మ తొలిసారి ఒక పట్టుచీర కట్టింది, వాళ్ళ నాన్నగారు కొనిపెట్టిన వంకాయరంగు చీర. వీధిలో వేపచెట్టు కొమ్మ వంచి నాన్న పువ్వు కోసుకొచ్చాడు, అమ్మ పచ్చడి కలిపి, బొబ్బట్లు కాల్చి, ఆంటీ వాళ్ళకి ఇవ్వడానికి పళ్ళెం పట్టుకుని పెరటి మెట్లు దిగింది. సరిగ్గా అప్పుడే జున్ను షికారు ముగించుకుని, ఎవరో కన్నవాళ్ళు తిరిగొచ్చినంత సంబరంగా, తోకనిండా పురుగుకాయలతో ఆమె కుచ్చిళ్ళలోకి దూసుకెళ్ళింది. చీరని విడిపించేసరికి జరీ అంచు పక్కనే జానెడు మేర పోగులు లేచిపోయాయి.

అమ్మ కేకలు వెయ్యలేదు. దానికే మాకు భయం వేసింది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చి, చాలా నెమ్మదిగా, "ఈ కుక్క ఇంక మనింట్లో వద్దండి," అంది. ఆ మర్నాడే నాన్న ఫ్యాక్టరీలో ఎవరితోనో మాట్లాడి, ఊరి బయట తోటలో మేకలకి కాపలాగా ఒక కుక్క కావాలంటున్నారని, వచ్చే శుక్రవారం మనిషి వచ్చి తీసుకెళతాడని చెప్పాడు. నేను అన్నం మానేశాను. అమ్మ నా కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టింది, నావైపు చూడలేదు.

ఆ వారమే ఫ్యాక్టరీలో షట్‌డౌన్ మొదలైంది. యంత్రాలన్నీ ఆపి బాగుచేసే ఆ రోజుల్లో నాన్నా, రసూల్ అంకులూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళితే ఎప్పటికి వస్తారో వాళ్ళకే తెలిసేది కాదు. జున్నుని షికారు తిప్పేవాళ్ళు లేక, స్కూలుకి సెలవైన ఒక పొద్దున నేను గేటు తీయగానే అది నన్ను తోసుకుని బయటికి ఉరికింది. ఏ కుందేలు కనిపించిందో, దిబ్బల వైపు బాణంలా పోయింది. పిలిచి పిలిచి గొంతు పోయాక ఇంటికొచ్చాను. ఎండ ఎక్కాక అదే తిరిగొచ్చింది. కానీ తోక ఊపలేదు. తల ఒక పక్కకి వంచి, టపటపా చెవులు కొట్టుకునేలా తల విదిలిస్తూ, నాలుగడుగులు వేసి పడిపోతూ లేస్తూ వచ్చింది. ఒంటి నిండా ముళ్ళే, కానీ అది వాటి సంగతే పట్టించుకోవడం లేదు. నేను చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చేసరికి కెవ్వుమని అరిచింది. జున్ను అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

ఆ అరుపుకి గోడ అవతల నుంచి ఖలీదా ఆంటీ, వంటింట్లోంచి అమ్మా ఒకేసారి వచ్చారు. ఆంటీ రబ్బరు తొడుగులు వేసుకుని చెవి కొంచెం ఎత్తి చూసింది. "లోపలికి పోయింది వదినా, గడ్డిముల్లు. మన చేతికి అందదు. గిట్లనే తల కొట్టుకుంటే ఇంకా లోపలికి పోతది. డాక్టరుకే సూపియ్యాలె," అంది.

డాక్టరు దోహాలో. కారు మా వాకిట్లోనే ఉంది. నాన్న ఫ్యాక్టరీలో. అమ్మకి లైసెన్సు ఉంది, అదీ రెండుసార్లు పరీక్ష తప్పి మూడోసారికి తెచ్చుకున్నది. తెచ్చుకున్న రోజున దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుంది, ఆ తర్వాత స్టీరింగు ముట్టలేదు. మెసయీద్ రోడ్డు మీద ఇనప ఊచల లారీల్ని చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయమ్మా అనేది. ఇప్పుడు ఆమె వాకిట్లో నిలబడి కారుకేసి చూస్తోంది. జున్ను మళ్ళీ మూలిగింది. నేను ఏడుస్తున్నాను.

"ఖలీదా, నువ్వు కూడా వస్తావా?" అని అడిగింది అమ్మ. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"నడువు. చున్నీ తెస్త," అంది ఆంటీ.

వెనక సీట్లో ఒక వైపు నేను, ఒక వైపు ఆంటీ, మధ్యలో ఆకుపచ్చ చున్నీలో చుట్టిన జున్ను. అమ్మ కొంగు నడుముకి దోపుకుని, సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, గణపతిని తలుచుకుని బయల్దేరింది. వెనక సీట్లో ఆంటీ పెదవులు కదులుతున్నాయి, ఆవిడా తనకు తెలిసిన ప్రార్థన ఏదో చేస్తోంది. పెద్ద రోడ్డెక్కాక ఒక లారీ మా పక్కనుంచి హోరుమని దాటిపోతే కారు మొత్తం ఊగింది, అమ్మ "అమ్మో!" అంది కానీ చేతులు వదల్లేదు. అల్ వక్రా దాటేసరికి ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి. నడపడంలో ఆమెకి వచ్చిన ఇబ్బంది ఒకటే, కూడలి చుట్టూ గుండ్రంగా తిరిగి దారి మారాల్సిన రౌండబౌట్లు. ఎక్కడం చేతనయ్యింది కానీ, పక్క వరసలో వచ్చే కార్లని దాటుకుని దిగడం చేతకాలేదు. మెసైమీర్ దగ్గర రౌండబౌట్ ఎక్కి, దిగాల్సిన దారి వచ్చిన ప్రతిసారీ "వస్తున్నాడు, వస్తున్నాడు" అంటూ మళ్ళీ ముందుకే పోతోంది.

కొంతసేపటికి ఆంటీ మెల్లగా అంది: "వదినా, గీ పెట్రోల్ బంకు మళ్ళ మళ్ళ అస్తున్నది."

"తెలుసమ్మా, తెలుసు! దిగనివ్వట్లేదు వాళ్ళు!"

"యల్లా, పద పద అను, తిప్పెయ్యి. నేను చెయ్యి చూపిస్త." ఆంటీ కిటికీ అద్దం దించి, రబ్బరు తొడుగున్న చేతిని బయటికి చాపి, ట్రాఫిక్ పోలీసులా ఊపింది. ఆ గులాబీ రంగు చేతిని చూసి ఏమనుకున్నాడో ఏమో, పక్క వరసలో ఒక పికప్ డ్రైవరు ఠక్కున ఆపేశాడు. అమ్మ "యల్లా!" అని గట్టిగా అని దిగిపోయింది. ఆ తర్వాత ముగ్గురం ఎంత నవ్వామంటే, నవ్వుతోనే నా ఏడుపు ఆగిపోయింది. జున్ను మాత్రం నా ఒళ్ళో తల పెట్టుకుని వేడిగా ఊపిరి వదులుతూనే ఉంది.

పశువుల డాక్టరు ఈజిప్టు ఆయన, పెద్ద పొట్ట, చిన్న గొంతు. జున్నుకి మత్తు సూది ఇచ్చి, చెవిలోకి దీపం వేసి చూసి, పొడుగాటి పటకారు ఒకటి తీసుకున్నాడు. కుక్కని పడుకోబెట్టి పట్టుకోవడానికి ఇంకొకరు కావాలన్నాడు. నేను ముందుకెళ్ళబోతే, "పిల్లలు కాదు," అని అడ్డుకుని, వచ్చీరాని హిందీలో, "యే కుత్తా కిస్కా హై, మదామ్?" అని అమ్మనీ ఆంటీనీ చూస్తూ అడిగాడు.

శుక్రవారం తోట మనిషి వస్తాడన్న సంగతి మా ముగ్గురికీ తెలుసు.

"మాదే," అంది అమ్మ తెలుగులోనే. చీర కొంగు మళ్ళీ దోపుకుని బల్ల దగ్గరికి వెళ్ళి, జున్ను తలని రెండు చేతులతో, తొడుగులు లేకుండా, పట్టుకుంది. అంతకుముందు ఆమె చెయ్యి దానిమీద పడటం నేను చూడలేదు. డాక్టరు పటకారు లోపలికి పోనిస్తున్నంతసేపూ ఆమె ఆ కుక్క చెవిలో కాకుండా నుదుటి దగ్గర వంగి, నాకు జ్వరం వచ్చినప్పుడు అనే మాటలే అంది. "అయిపోయింది నాన్నా. అయిపోయింది. ఇదిగో, వచ్చేస్తోంది."

వచ్చింది. జీలకర్ర గింజంత గడ్డిముల్లు, వెనక మీసంలాంటి సన్నటి తోక. దాన్ని దూది మీద పెట్టి చూపించి, చెవి కర్ణభేరికి ఆనుకుని ఉందని, ఇంకొక రోజు ఆగితే దాన్ని చీల్చేసేదని డాక్టరు చెప్పాడు. "నౌ మాఫీ ముష్కిల్, హబీబీ," ఇక ఏ ఇబ్బందీ లేదు, అని జున్ను వీపు తట్టాడు. తల గోక్కోకుండా మెడ చుట్టూ పెద్ద గరాటులాంటి ప్లాస్టిక్ తొడుగు కట్టి పంపాడు. తిరుగు దారిలో మెసైమీర్ రౌండబౌట్‌ని అమ్మ ఒక్క చుట్టుకే దిగేసి, అద్దంలోంచి మా ఇద్దరి ముఖాలూ చూసింది, మెచ్చుకుంటామా లేదా అని. వక్రాలో ఆగి, కారులోనే కూర్చుని, ముగ్గురం కరక్ టీ తాగాం.

శుక్రవారం పొద్దున తోట మనిషి రానే వచ్చాడు. సూడాన్ ఆయన, తెల్ల తలపాగా, వాకిట్లో పికప్ ఆపి, తాడు చేత్తో పట్టుకుని గేటు తట్టాడు. షట్‌డౌన్ అలసటతో నాన్న ఇంకా నిద్రలేవలేదు. అమ్మే వెళ్ళింది. ఆమెకి అరబ్బీ రాదు, ఆయనకి ఇంకోటి రాదు. డాక్టరు నోట విన్న ఒక్క మాటతోనే ఆమె పని జరుపుకుంది.

"కుత్తా మాఫీ," అంది, లేదు అన్నట్టు చేతులు తిప్పుతూ.

ఆమె వెనకాలే, గరాటు తొడుక్కున్న జున్ను, ఎవరొచ్చారా అని ముందుకొచ్చి ఆమె మోకాలి పక్కన నిలబడింది. ఆయన దాన్ని చూశాడు. అమ్మని చూశాడు.

"మాఫీ," అంది అమ్మ మళ్ళీ, ఇంకా గట్టిగా.

ఆయన ఇంత నోరు తెరిచి నవ్వాడు. "ఖలాస్, మదామ్, మాఫీ," అని తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. అంత దూరం వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక అమ్మ బొబ్బట్లు పొట్లం కట్టి ఇచ్చింది. నాన్న లేచి వచ్చి కుక్క ఏదీ అని అడగబోయి, అది గడపకి ఇవతల, వంటింటి గచ్చు మీద పడుకుని ఉండటం చూసి, అడగకుండా వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

ఆ వేసవికి ముందు మిగిలిన సాయంత్రాలన్నీ అమ్మే మెట్ల మీద మొదట కూర్చునేది. పేలదువ్వెన ఇక జున్నుకే రాసిచ్చేసింది. గడ్డి ఎండే కాలంలో చెవుల దగ్గరా వేళ్ళ మధ్యా వెంట్రుకలు కత్తిరించేయాలని డాక్టరు చెప్పిన మాట ప్రకారం, నా జుట్టు కత్తిరించే కత్తెరతోనే అదీ చేసేది. నాన్నకీ నాకూ ఏరడానికి ముళ్ళు సరిగ్గా మిగిల్చేది కాదు. ప్రతి గురువారం సాయంత్రం మమ్మల్నీ ఆంటీ పిల్లల్నీ కారులో ఎక్కించుకుని దోహా బజారుకి తీసుకెళ్ళేది. నాన్న పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుండేవాడు. జున్ను మాతో చాలా ఏళ్ళు బతికి, ముసలిదయ్యి, ఒక చలికాలం పొద్దున నిద్రలోనే పోయింది. గేటు అవతల, పువ్వులు ముందుగా వచ్చే చోట పాతిపెట్టాం. రసూల్ అంకులే తవ్వాడు.

ఇప్పుడు ఆ చోటు ఎక్కడో చెప్పలేను. కిందటి నెల పని మీద మెసయీద్ వెళ్ళి, మా వీధి కోసం కారు అటూ ఇటూ తిప్పాను. పసుపు ఇళ్ళు కొట్టేశారు. వేపచెట్లు లేవు. ఇళ్ళ వెనక నేలంతా కంచె వేసి, చదును చేసి, కంకర పరిచారు. దిబ్బలు కూడా ఏదో గోదాము వెనకాలకి వెళ్ళిపోయినట్టున్నాయి. ఆంటీ వాళ్ళు బోధన్ వెళ్ళిపోయి ఏళ్ళయింది, అమ్మా నాన్నా విశాఖపట్నంలో ఉంటున్నారు, అక్కడ కూడా కారు అమ్మే నడుపుతుంది. ఇక్కడ అల్ తుమామాలో సాయంత్రం పూట కుక్కల్ని తిప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాటికి బూట్లు కూడా ఉంటాయి, టైల్స్ పరిచిన బాట మీద నడుస్తాయి, ఒక్క ముల్లూ అంటకుండా తిరిగొస్తాయి. వాళ్ళని చూస్తే బాగానే ఉంటుంది. కానీ ఇంటికొచ్చాక వాళ్ళకి ఆ కుక్క చుట్టూ కూర్చోవలసిన అవసరం లేదు. మా ఇంట్లో కూడా అంతే. అందరి చేతులూ ఒకే పని మీద ఉండి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఏది తోస్తే అది మాట్లాడుకునే సాయంత్రం మా ఇంట్లో లేదు, ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోయింది.

ఆ శనివారం అమ్మకి ఫోన్ చేసి మెసయీద్ సంగతులన్నీ చెప్పాను. ముళ్ళ సంగతి వచ్చేసరికి, "పీడా పోయింది, నా పట్టుచీర తగలేసింది," అని నవ్వేసింది. ఆ తర్వాత ఇద్దరం ఏవేవో మాట్లాడుకున్నాం, మా అమ్మాయి పరీక్షలు, నాన్న మోకాళ్ళు, ఆవకాయకి కాయలు. ఇక పెట్టేస్తానని అంటూ అంటూ అమ్మ ఆగింది.

"దాని చెవుల వెనకాల ఎంత మెత్తగా ఉండేదే," అంది.

"అవునమ్మా," అన్నాను. ఇద్దరమూ ఇంకాసేపు ఫోన్ పెట్టలేదు.